అభిప్రాయాలు మనవి, వార్తలు వాళ్లవి

‘మ్యాన్‌హోల్‌లో ఊపిరాడక ఇద్దరు కార్మికుల మృతి’. ఈ హెడ్డింగ్ ఏ పత్రికదని అడగకండి. ఏ పత్రికదైనా కావచ్చు, ఏ ఏడాదిదైనా కావచ్చు. ఊరి పేరు మారుతుంది, సంఖ్య మారుతుంది. కింద ఉండే ఐదారు వాక్యాలు మాత్రం అచ్చు పోసినట్టు అలాగే ఉంటాయి. డ్రైనేజీ శుభ్రం చేయడానికి ఇద్దరు లోపలికి దిగారు. విషవాయువులు పీల్చి స్పృహ తప్పారు. స్థానికులు బయటకు తీసేసరికే ప్రాణాలు పోయాయి. మృతదేహాలను పోస్టుమార్టం నిమిత్తం ప్రభుత్వాసుపత్రికి తరలించారు. పోలీసులు కేసు నమోదు చేసి దర్యాప్తు చేస్తున్నారు.

జర్నలిజం క్లాసులో మొదటి రోజు చెప్పే పాఠంతో దీన్ని కొలిచి చూడండి. ఎవరు, ఏమిటి, ఎప్పుడు, ఎక్కడ, ఎందుకు, ఎలా. వార్తకు ఈ ఆరు ప్రశ్నలే పునాది అంటారు. పైవార్తలో ఆరింటికీ జవాబు ఉన్నట్టే కనిపిస్తుంది. ‘ఎవరు’ దగ్గర ఇద్దరు కార్మికులున్నారు, ‘ఎందుకు’ దగ్గర విషవాయువులున్నాయి. మరి వాళ్లను లోపలికి దింపింది ఎవరు? ఆ పని కాంట్రాక్టు ఎవరిది, ఆ కాంట్రాక్టు ఇచ్చిన సంస్థ ఏది? మిషన్ ఉందా, ఉంటే ఆ రోజు ఎక్కడుంది? మాస్కు, తాడు, ఆక్సిజన్ సిలిండర్ ఇచ్చారా? రోజు కూలి ఎంత మాట్లాడారు? ఈ ప్రశ్నలు వేయకుండా ‘ఎందుకు’ అన్న గడిని విషవాయువులతో నింపేయడమంటే, హంతకుడి పేరు అడిగితే కత్తి పేరు చెప్పడం లాంటిదే.

పైగా ఇక్కడ చట్టం కూడా ఉంది. మురుగుకాలువల్లోకి, సెప్టిక్ ట్యాంకుల్లోకి రక్షణ పరికరాలు లేకుండా మనుషుల్ని దింపడాన్ని 2013 చట్టం నిషేధించింది. ఆ చట్టం అమల్లోకి వచ్చింది 2013 డిసెంబర్ 6న, బాబాసాహెబ్ పరినిర్వాణ దినాన. దాని 7వ సెక్షన్ ఉల్లంఘించిన వాళ్లకు మొదటిసారి రెండేళ్ల దాకా జైలు, లేదా రెండు లక్షల దాకా జరిమానా, లేదా రెండూ. సఫాయి కర్మచారి ఆందోళన్ వేసిన కేసులో సుప్రీంకోర్టు 2014 మార్చి 27న తీర్పు ఇస్తూ, 1993 నుంచి ఇలా చనిపోయిన ప్రతి ఒక్కరి కుటుంబానికీ పది లక్షలు ఇవ్వాలంది. 2023 అక్టోబర్ 20 నాటి మరో తీర్పులో ఆ మొత్తాన్ని ముప్పై లక్షలు చేసింది. ఆ సంస్థను నడిపిస్తున్న బెజవాడ విల్సన్ కోలార్ బంగారు గనుల్లో పాకీ పని చేసిన తెలుగు కుటుంబంలో పుట్టినవాడు. ఇవన్నీ బహిరంగ సమాచారమే. అయినా మన ఐదు వాక్యాల వార్తలో చట్టం లేదు, తీర్పు లేదు, ముప్పై లక్షలు లేవు. ఆ ఇద్దరి కులం కూడా ఉండదు. రాయకపోయినా చదివేవాళ్లందరికీ తెలుసు కాబట్టేనేమో!

ఇప్పుడు మన దగ్గరికి వద్దాం. అసలు నా గొడవ పత్రికలతో కన్నా మనతోనే ఎక్కువ.

ఇలాంటి వార్త వచ్చిన సాయంత్రానికి మన క్యాంపస్‌లలో ఏం జరుగుతుంది? ఇరవై పోస్టులు వస్తాయి. ‘ఇది మరణం కాదు, రాజ్యం చేసిన హత్య’ అంటాం. నేనూ అన్నాను, అది నిజం కూడా. వారం తిరిగేలోగా ఒక వ్యాసం వస్తుంది. అందులో అశుద్ధత, దేహం, శ్రమ, బ్రాహ్మణీయ జ్ఞానమీమాంస అన్నీ ఉంటాయి. నెల తిరిగేలోగా ఒక సెమినార్ జరుగుతుంది. ఇంత చేసినా ఆ పోస్టులకూ, ఆ వ్యాసానికీ, ఆ సెమినార్ పేపర్‌కూ ఆధారం ఒక్కటే: వాళ్లు రాసిన ఐదు వాక్యాల వార్త. ఆ బస్తీకి మనలో ఒక్కరమూ పోలేదు. కాంట్రాక్టర్ పేరు మనకూ తెలియదు. మన కోపమంతా వాళ్ల డెస్క్ దిద్దిన ఐదు వాక్యాల మీద నిలబడి ఉంటుంది.

వార్త రాయడమంటే మనకు చిన్నచూపు. ఇది ఒప్పుకోవడానికి ఇబ్బందిగా ఉంటుంది కానీ నిజం. యూనివర్సిటీకి వచ్చిన మొదటి తరం పిల్లలం. థియరీ మన చేతికి అందిన కొత్త ఆయుధం. దాన్ని తిప్పడంలో ఒక ఆనందం ఉంది, ఒక గౌరవమూ ఉంది. వార్త రాసేవాడు మండల కేంద్రంలో బైకు మీద తిరిగే కంట్రిబ్యూటర్, మనం ఆలోచనాపరులం. మేధోశ్రమ పైన, చేతిశ్రమ కింద అనే ఈ మెట్లు ఎవరు కట్టారో మనమే రోజూ క్లాసుల్లో చెబుతుంటాం!

నా సంగతే చెబుతాను. నాలుగేళ్ల కిందట మా యూనివర్సిటీకి దగ్గర్లోని ఒక సంక్షేమ హాస్టల్‌లో తాగునీళ్లు పాడై పిల్లలకు పచ్చకామెర్లు సోకాయి. నేను పోయి చూసి వచ్చి 1800 మాటల వ్యాసం రాశాను. మొదటి పేరాలో ఫూకో ఉన్నాడు. రెండో పేరాలో అంటరానితనానికీ నీళ్లకూ ఉన్న చరిత్ర ఉంది, మహద్ ఉంది. మూడో పేరాలో ‘వందలాది విద్యార్థులు మృత్యువుతో పోరాడుతున్నారు’ అన్న వాక్యం ఉంది. తేదీ మాత్రం ఎక్కడా లేదు. ట్యాంకు చివరిసారి ఎప్పుడు కడిగారో లేదు. వార్డెన్‌ను అడిగిన పాపాన పోలేదు, ఎలాగూ అబద్ధమే చెబుతాడని. రెండు రోజుల్లో అధికారుల ప్రెస్ నోట్ వచ్చింది. ఆ హాస్టల్ సామర్థ్యమే 180 మంది, వందలాది మంది ఎక్కడి నుంచి వచ్చారు, ఇది దురుద్దేశంతో చేసిన ప్రచారం అని. పత్రికలు ఆ నోట్‌నే వార్తగా వేశాయి. అంతటితో హాస్టల్ సంగతి ముగిసింది.

జబ్బుపడింది 43 మంది. ఆ లెక్క నాకు తర్వాత తెలిసింది కాదు, మొదటి రోజే తెలుసు. ఇంటర్ చదువుతున్న ఒక కుర్రాడు గది గదికీ తిరిగి, పేర్లు, జ్వరం మొదలైన తేదీ, ఆసుపత్రికి పోయిన తేదీ నోటుబుక్కులో గీతలు కొట్టి రాసి, ఆ పేజీ చింపి నా చేతికిచ్చాడు. నా వ్యాసం వచ్చాక ఫోన్ చేశాడు. “అక్కా, నేను లెక్క రాసిచ్చాను కదా, అదెందుకు వెయ్యలేదు?” అని అడిగాడు. నా దగ్గర జవాబు లేదు. ఆ చింపిన పేజీ అసలైన వార్త. నేను రాసింది దాని చుట్టూ కట్టిన తోరణం.

అప్పటి నుంచి బాబాసాహెబ్‌ను మళ్లీ చదివాను, ఈసారి విలేకరిగా. ‘కుల నిర్మూలన’ను మనం సిద్ధాంత గ్రంథంగా చదువుతాం, పరీక్షల్లో అలాగే రాస్తాం. కానీ కులం పేరుతో జరిగే దౌర్జన్యాన్ని నిరూపించాల్సి వచ్చినప్పుడు అందులో ఆయన చేసిందేమిటి? వార్తలు పేర్చాడు. 1928 జనవరి 4 నాటి టైమ్స్ ఆఫ్ ఇండియా అని పత్రిక పేరు, తేదీ చెప్పి, ఇండోర్ ప్రాంతంలో బలాయీలకు పెట్టిన ఆంక్షలను ఒక్కొక్కటిగా ఇచ్చాడు. ఆ ఆంక్షలు పెట్టిన ఊళ్ల పేర్లు ఇచ్చాడు: కనారియా, బిచోలి హఫ్సీ, బిచోలి మర్దానా. పెట్టినవాళ్ల కులాల పేర్లూ ఇచ్చాడు. గుజరాత్‌లోని కవిఠాలో ప్రభుత్వ బడికి పిల్లల్ని పంపినందుకు ఏం చేశారో, జాను అనే ఊళ్లో 1935 నవంబర్‌లో లోహపు బిందెలతో నీళ్లకు వెళ్లిన స్త్రీలను ఏం చేశారో చెప్పాడు. జైపూర్ సంస్థానంలోని చక్వారాలో 1936 ఏప్రిల్ ప్రాంతంలో ఒక అంటరాని యాత్రికుడు తన వాళ్లకు నేతితో విందు పెడితే లాఠీలతో వచ్చి అన్నం పాడుచేశారని రాశాడు. ఊరు, నెల, ఎవరు, ఎవరిని, ఏ కారణంతో అన్నీ ఉన్నాయి. లోహపు బిందె ఉంది, నెయ్యి ఉంది. విశేషణాలు మాత్రం చాలా తక్కువ. ఇన్ని వివరాలు పరిచిన తర్వాతే ఆయన సోషలిస్టులనూ, సంస్కర్తలనూ నిలదీశాడు. మనం ఆ నిలదీయడాన్ని మాత్రమే నేర్చుకున్నాం. దాని కింద ఉన్న ఇటుకలను వదిలేశాం.

పత్రికల సంగతీ అంతే. మహద్ చెరువు నీళ్లు తాగిన సత్యాగ్రహం 1927 మార్చి 19, 20 తేదీల్లో జరిగింది. సమావేశానికి వచ్చినవాళ్ల మీద దాడి జరిగింది. ‘బహిష్కృత భారత్’ మొదటి సంచిక ఏప్రిల్ 3న వచ్చింది, సరిగ్గా రెండు వారాలకు. అంతకు ఏడేళ్ల ముందు, 1920 జనవరి 31న ‘మూక్‌నాయక్’ మొదలైనప్పుడు దాని ప్రకటనను డబ్బులిస్తామన్నా వేయడానికి ‘కేసరి’ ఒప్పుకోలేదు. వాళ్లు మన వార్తను ఎలా రాస్తారో, అసలు రాస్తారో లేదో ఆయనకు బాగా తెలుసు. దేశంలోని ప్రధాన వార్తా సంస్థ ఉద్యోగులంతా మద్రాసు బ్రాహ్మణులేనని 1945లో కాంగ్రెస్ మీద రాసిన పుస్తకంలో సూటిగా అన్నాడు. అలా అని ఊరుకోకుండా, 1920 నుంచి 1956లో ‘ప్రబుద్ధ భారత్’ దాకా పత్రిక తర్వాత పత్రిక పెట్టాడు. చేతిలో డబ్బు లేకపోయినా పెట్టాడు.

న్యూస్‌రూమ్‌లలో మనం లేమన్న వాదన ఇక్కడ వస్తుంది. నిజమే, అంకెలు అందరికీ తెలిసినవే. 1996లో ఒక అమెరికన్ విలేకరి దళిత జర్నలిస్టు ఎవరైనా ఉంటే చెప్పమని అడిగితే, బి.ఎన్. ఉనియాల్ ఢిల్లీ అంతా వెతికి ఒక్కరూ దొరకలేదని పయనీర్‌లో రాశాడు. 2006లో యోగేంద్ర యాదవ్, అనిల్ చమడియా, జితేంద్ర కుమార్ ఢిల్లీ మీడియాలో నిర్ణయాలు తీసుకునే 315 మందిని లెక్కిస్తే అందులో దళితులూ ఆదివాసులూ సున్నా. 2019లో ఆక్స్‌ఫామ్, న్యూస్‌లాండ్రీ కలిసి 121 నాయకత్వ స్థానాలు చూస్తే 106 అగ్రకులాలవే. ఈ అంకెలను ప్రతి ఉపన్యాసంలో చెబుతాం, చెప్పాలి కూడా. అయితే ఇన్నేళ్లలో మన చేతిలోనూ ఫోన్ వచ్చింది, సైట్లు వచ్చాయి. వాళ్ల తలుపు మూసి ఉండటానికి కారణం వాళ్లే. తెరిచి ఉన్న మన పేజీలో కూడా అభిప్రాయాలే నింపడానికి కారణం ఎవరు? ఉత్తరప్రదేశ్‌లోని చిత్రకూట్ నుంచి 2002లో మొదలైన ‘ఖబర్ లహరియా’ను చూడండి. బుందేల్‌ఖండ్‌లో దళిత స్త్రీలు ఊరూరా తిరిగి రాసిన పత్రిక అది. చాలామంది అక్కడికి వచ్చాకే వార్త రాయడం నేర్చుకున్నారు. పీహెచ్‌డీలు లేవు వాళ్లకు.

నా పరిశోధన తెలుగు దినపత్రికల జిల్లా పేజీల మీద. రోజూ పాత సంపుటాలు తిరగేస్తాను. ఆ పని నాకు నేర్పింది ఒకటే: ఎవరు ముందు రాస్తే వాళ్లు రాసిందే నిలుస్తుంది. పల్లె మీద దాడి జరిగిన మర్నాడు ‘ఇరువర్గాల ఘర్షణ’ అని ఒక సింగిల్ కాలమ్ వస్తే, ముప్పై ఏళ్ల తర్వాత నాలాంటి వాళ్లకు దొరికేది ఆ సింగిల్ కాలమే. ఎఫ్‌ఐఆర్ ఎక్కడో చెదలు పట్టి ఉంటుంది. చూసినవాళ్లు పోయి ఉంటారు. ఆ రోజు మనవాళ్లు వేసిన కరపత్రం దొరికినా అందులో ‘అగ్రకుల ఉన్మాదం నశించాలి’ అని ఉంటుంది తప్ప ఎంతమంది వచ్చారు, ఏ వైపు నుంచి వచ్చారు, ఎన్ని గంటలకు అన్నది ఉండదు. కరపత్రాన్ని నేను ఫుట్‌నోట్‌లో భావోద్వేగానికి సాక్ష్యంగా మాత్రమే పెట్టగలను. సంఘటనకు సాక్ష్యంగా సింగిల్ కాలమ్‌నే పెట్టాల్సి వస్తుంది. ఎంత ఒళ్లు మండుతుందో మాటల్లో చెప్పలేను.

ఖైర్లాంజీ గుర్తుందా? 2006 సెప్టెంబర్ 29న మహారాష్ట్రలోని భండారా జిల్లాలో భోత్మాంగే కుటుంబంలో ఒక తల్లి, కూతురు, ఇద్దరు కొడుకులను ఊరివాళ్లు చంపారు. మొదట్లో వచ్చిన వార్తలు దాన్ని అక్రమ సంబంధం గొడవగా చెప్పాయి. అది దళితుల మీద జరిగిన సామూహిక హత్య అని దేశానికి తెలియడానికి నెల రోజుల దాకా పట్టింది. అది కూడా అంబేద్కరైట్ కార్యకర్తలు నిజనిర్ధారణకు పోయి, నాగపూర్ నుంచి జనం రోడ్లెక్కాక. 2008లో ప్రత్యేక కోర్టు ఎనిమిది మందికి శిక్ష వేసింది కానీ, కులం కారణంగా చంపారని రుజువు కాలేదన్న దృష్టితో అట్రాసిటీ చట్టాన్ని వర్తింపజేయలేదు. మొదటి వార్త వల్లే తీర్పు అలా వచ్చిందని నేను అనడం లేదు, దానికి వేరే కారణాలున్నాయి. కానీ ‘ఎందుకు’ అన్న ప్రశ్నకు మొదటి రోజు పడిన తప్పుడు జవాబు ఎంత దూరం నడుస్తుందో చూడమంటున్నాను.

సరే, మరి వార్త రాయడం నేర్చుకోవడమంటే ఏమిటి? ఎం.ఏ.లో నేను తీసుకున్న జర్నలిజం పేపర్లో ఆ ఆరు ప్రశ్నలనూ కిప్లింగ్ తన పద్యంలో నమ్మకమైన నౌకర్లని పిలిచాడని చెప్పారు. దొర నౌకర్లు దొర పంపిన చోటికే పోతారు! మన ఊళ్లలో వాటిని వాడ నుంచి మొదలుపెట్టి నడిపించాలి. మామూలుగా విలేకరి పోలీస్ స్టేషన్ నుంచి మొదలుపెట్టి, టైముంటే వాడకు వస్తాడు. మనం వాడ నుంచి మొదలుపెట్టి స్టేషన్‌కు పోదాం. పోకుండా మాత్రం ఉండొద్దు. వార్డెన్‌ను అడగకుండా నేను చేసిన తప్పు అదే. అవతలివాడి మాట అడగడం వాడి మీద దయతో చేసే పని కాదు. వాడు అబద్ధం చెబితే ఆ అబద్ధం వాడి పేరుతో, తేదీతో రికార్డు అవుతుంది.

అన్నిటికన్నా ఎక్కువగా నేర్చుకోవాల్సింది క్రియాపదాల దగ్గర ఉంది. తెలుగులో కర్తను మాయం చేయడం ఎంత సులువో చూడండి. ‘మృతి’, ‘దుర్మరణం’, ‘దగ్ధం’, ‘ఉద్రిక్తత’. హెడ్డింగ్‌లో క్రియ ఉండదు, కాబట్టి చేసినవాడూ ఉండడు. గుడిసెలు దగ్ధమవుతాయి, ఎవరూ తగలబెట్టరు. విగ్రహం ధ్వంసమవుతుంది, ఎవరూ పగలగొట్టరు. ‘దళిత యువకుడిపై దాడి’ అంటారు. బాధితుడి కులం హెడ్డింగ్‌లోకి వస్తుంది. కొట్టినవాడు మాత్రం ‘ఓ సామాజికవర్గానికి చెందిన’ వ్యక్తి అవుతాడు, లేదా ‘కొందరు’ అవుతాడు. సంఘటనకు కులంతో సంబంధం ఉంటే రెండు వైపులా కులం రాయాలి, లేకపోతే రెండు వైపులా వదిలేయాలి.

ఇంకో సంగతి. ఇది బహుశా తెలుగులోనే ఇంత నగ్నంగా కనిపిస్తుంది. డీఎస్పీ ‘తెలిపారు’, ఎమ్మెల్యే ‘పేర్కొన్నారు’, కాంట్రాక్టర్ ‘వివరణ ఇచ్చారు’. చనిపోయిన కార్మికుడి తల్లి మాత్రం ‘వాపోయింది’. కార్మికుడు ‘దిగాడు’, ఇంజనీరు ‘వచ్చారు’. అరవై ఏళ్ల మనిషిని ఏకవచనంలోకి దించి, ముప్పై ఏళ్ల అధికారికి బహువచనం ఇచ్చే ఈ వ్యాకరణం ఏ స్టైల్‌బుక్‌లో ఉందో గానీ ప్రతి డెస్క్‌కూ కంఠతా వచ్చు. ఆ తల్లి వాపోలేదు. ఆమె ఒక సమాచారం చెప్పారు: తన కొడుకును పొద్దున ఏడింటికి ఫలానా మేస్త్రీ వచ్చి పిలుచుకుపోయాడని. ‘వాపోయింది’ అని రాయగానే ఆ సాక్ష్యం ఏడుపైపోయింది. అందుకని ఎవరి మాటకైనా ‘చెప్పారు’ అన్న ఒక్క క్రియ వాడండి. చదవడానికి విసుగ్గా ఉంటుంది, ఉండనివ్వండి.

ఎవరు చెప్పారో రాయాలన్నది వార్తకు మొదటి నియమం. దాన్ని నిజాయితీగా పాటిస్తే ఎన్ని మాటలు కుప్పకూలుతాయో. ‘పరువు హత్య’ అన్న మాట తీసుకోండి. 2018 సెప్టెంబర్ 14న మిర్యాలగూడలో ప్రణయ్‌ను చంపినప్పుడు ప్రతి పత్రికా, ప్రతి ఛానలూ ఆ మాటే వాడింది. 2025 మార్చి 10న నల్గొండ కోర్టు ఒకరికి ఉరిశిక్ష, ఆరుగురికి జీవితఖైదు వేసినప్పుడూ అదే మాట. పరువు పోయిందని ఎవరు చెప్పారు? చంపించినవాడు. అంటే అది నిందితుడి వాంగ్మూలం. దాన్ని కొటేషన్ గుర్తులు లేకుండా, ఎవరి పేరూ పెట్టకుండా తన సొంత మాటగా పత్రిక ఎలా రాస్తుంది? ఇందులో అంబేద్కరిజం అక్కర్లేదు, వాళ్ల క్లాసులో వాళ్లు చెప్పే రెండో పాఠం చాలు. కులహత్య అనడానికి మాత్రం ఎవరి వాంగ్మూలమూ అక్కర్లేదు. చనిపోయినవాడు దళితుడు, పెళ్లి చేసుకున్నది అగ్రకుల అమ్మాయిని. అవి వాస్తవాలు.

ఇదే నియమం మన మీదా పనిచేస్తుందని మరవొద్దు. తీర్పు రాకముందు మనం ‘హంతకులు’ అని రాస్తాం. అప్పటికి వాళ్లు నిందితులే. ఒక్క పరువు నష్టం నోటీసు వస్తే చిన్న సైటు మూతపడుతుంది. అంతకన్నా ఘోరమైనది ఇంకొకటుంది. లైంగిక హింసకు గురైన స్త్రీ పేరు, ఫొటో, తండ్రి పేరు, ఊరు మన వాట్సాప్ గ్రూపుల్లోనే అందరికన్నా ముందు తిరుగుతాయి. చనిపోయినవాళ్ల గుర్తింపు కూడా బయటపెట్టొద్దని సుప్రీంకోర్టు 2018లో చెప్పింది. న్యాయం కోసమే పంపుతున్నామంటాం. ఆ కుటుంబాన్ని అడిగామా?

ఎక్కువ ముఖ్యమైనది పైన, తక్కువ ముఖ్యమైనది కింద పెట్టే తలకిందుల పిరమిడ్ గురించి ఒక్క మాట చెప్పి వదిలేస్తాను. జిల్లా పేజీలో స్థలం చాలకపోతే డెస్క్ కింది నుంచి కోస్తుంది. మన కంట్రిబ్యూటర్ తమ్ముళ్లు భయపడుతూ భయపడుతూ కులం సంగతి, భూమి తగాదా సంగతి చివరి పేరాలో పెడతారు. తెల్లారేసరికి అది ఉండదు. ఇంట్రోలోనే పెట్టండి. తీసేయాలనుకుంటే వాళ్లు తెలిసి, చేత్తో తీసేయాల్సి వస్తుంది.

‘ఆబ్జెక్టివిటీ అనేదే బ్రాహ్మణీయం, మనకెందుకీ నియమాలు’ అనే మిత్రులున్నారు. నిన్నటి దాకా నేనూ ఆ బెంచీలోనే కూర్చున్నాను. తటస్థత పేరుతో కొట్టినవాడికీ దెబ్బలు తిన్నవాడికీ చెరిసగం కాలమ్ ఇవ్వడం మోసమే, ఒప్పుకుంటాను. కానీ లెక్క సరిచూసుకోవడం, తేదీ రాయడం, చెప్పినవాళ్ల పేరు రాయడం ఎవరి సొత్తు? అమెరికాలో ఐడా బి. వెల్స్‌ను చూడండి. 1892లో మెంఫిస్‌లో ఆమె స్నేహితులను లించ్ చేశారు. ఆమె రాస్తే పత్రిక ఆఫీసును ధ్వంసం చేశారు. ఇక ఆ ఊరికి తిరిగి పోలేకపోయింది. అంత కోపంలో ఉన్న మనిషి 1895లో ‘ఎ రెడ్ రికార్డ్’ రాసినప్పుడు ఎంచుకున్న ఆధారమేమిటి? తెల్లవాళ్ల పత్రిక చికాగో ట్రిబ్యూన్ ప్రచురించిన లించింగ్ లెక్కలు. మీరు ఒప్పుకున్న అంకెలతోనే మిమ్మల్ని బోనెక్కిస్తున్నానని. అత్యాచారం చేశారు కాబట్టి చంపామన్న కథను ఆ లెక్కలే బద్దలు కొట్టాయి, చంపబడినవాళ్లలో చాలామంది మీద ఆ ఆరోపణే లేదని చూపించాయి. అణగారినవాళ్ల మాటను లోకం మొదట నమ్మదు. ఒక్క తప్పు దొరికితే మొత్తం తోసేస్తుంది. ఈ అన్యాయం ఉన్నంతకాలం మనకు లెక్క తప్పే హక్కు లేదు. అగ్రకుల పత్రిక తప్పు రాస్తే అది పొరపాటు, సవరణ వేస్తే సరిపోతుంది. మనం తప్పు రాస్తే హాస్టల్‌లో 43 మందికి కామెర్లు రాలేదన్నట్టే అవుతుంది.

అందుకని నా ప్రతిపాదన పెద్దదేమీ కాదు. ఏప్రిల్ 14కూ డిసెంబర్ 6కూ మన సంఘాలు పెట్టే ఉపన్యాసాల్లో ఒకటి తగ్గించి, ఆ పూట పదిమంది జూనియర్లను కూర్చోబెట్టి ఎఫ్‌ఐఆర్ చదవడం నేర్పండి. ఫిర్యాదుదారుకు దాని కాపీ ఉచితంగా ఇవ్వాలని చెప్పండి. ఏ సెక్షన్ పెట్టారు, ఏది వదిలేశారో చూడటం చూపించండి. యూట్యూబ్ మైకు పట్టుకున్న మన పిల్లలకైతే ఈ పాఠం ఇంకా అవసరం. ఒక సంఘటన మీద 300 మాటల వార్త రాయించండి, విశేషణాలన్నీ కొట్టేయండి, ఏం మిగిలిందో వాళ్లకే చూపించండి. రీసెర్చ్ స్కాలర్లం మనం ముందు రాయాలి, మన డ్రాఫ్ట్‌ను ఇంటర్ కుర్రాళ్లతో దిద్దించుకోవాలి.

ఫాలోఅప్ సంగతి విడిగా చెప్పాలి, ఎందుకంటే పెద్ద పత్రికలు ఎప్పుడూ చేయనిది అదే. అట్రాసిటీ కేసు దర్యాప్తు డీఎస్పీ స్థాయికి తగ్గని అధికారి చేయాలి. సహాయం ఏడు రోజుల్లో అందాలి. దర్యాప్తు పూర్తిచేసి 60 రోజుల్లో చార్జిషీటు వేయాలి. ఇవన్నీ నిబంధనల్లో రాసి ఉన్నవే. దాడి జరిగిన రోజు మనమంతా ఊళ్లో ఉంటాం, అరవయ్యో రోజున ఎవరమూ ఉండం. నేను ఇప్పుడు ఒక డైరీ పెట్టుకున్నాను. ఏ సంఘటన విన్నా ఎఫ్‌ఐఆర్ తేదీ రాసుకుని, ఏడో రోజు దగ్గర ఒక గుర్తు, అరవయ్యో రోజు దగ్గర ఒక గుర్తు పెడతాను. ఆ రోజున డీఎస్పీ ఆఫీసుకు ఫోన్ చేసి, చార్జిషీటు వేశారా అని అడిగి, ఏం చెప్పారో, ఎవరు చెప్పారో, ఎన్ని గంటలకు చెప్పారో రాస్తాను. మొదటిసారి చేసినప్పుడు అవతలివాళ్లు చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, మీరు ఏ పత్రిక అని అడిగారు.